ఆర్కిడ్ మొక్కల యెంపిక



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి పూలమొక్కలు పెంచుట క్రొత్త విద్య కాదు. మల్లె, కనకాంబరము, నందివర్ధనము, గన్నేరు లేని పెరడు మనలో అరుదు. కాని యీ నడుమ హైదరాబాదునుండియు బెంగుళూరునుండియు సెలవులకు వచ్చు పిల్లలు ఆర్కిడ్ అను మొక్కను చేతబట్టుకొని వచ్చుచున్నారు. దానికి వంగిన పొడవు కాడ. ఆ కాడ నిండ సీతాకోకచిలుకలు వరుసగా వ్రాలినట్లు పూలు. రెండు నెలలవరకు ఆ పూలు వాడవు. ఇల్లంతయు మురిసిపోవును. ఉగాది వెళ్లి వడగాలి మొదలుకాగానే ఆకులు పాత తోలువలె ముడుతలుపడి, ఒక్కొక్కటే పండి రాలి, వైశాఖములో కుండీ ఖాళీయగును. వందల రూపాయల మొక్క పోయినది. ‘ఇవి మన నేలకు రావు’ అని తీర్పు చెప్పి ఊరకుందురు.

ఆ తీర్పు సరియైనది కాదు. తెచ్చిన మొక్క మన ఎండకు తగినది కాదన్నచో ఒప్పుకొనవచ్చును. ఆర్కిడ్ అనునదే మనకు రాదన్నచో, మన అడవి దానికి వ్యతిరేకముగా సాక్ష్యము చెప్పును.

నల్లమలలోను, తూర్పు కనుమల తక్కిన భాగములందును, ముదురు చెట్ల కొమ్మలను తలయెత్తి చూచినవారికి ఒక మొక్క కనబడును. బెరడును కరచిపట్టుకొన్న తెల్లని లావు వేళ్లు. కాండమునకు ఇరుప్రక్కల పట్టెలవలె అమర్చిన దళసరి యాకులు. ఆకు కొన ఎవరో కొరికినట్లు వంకరగా నుండును. దీనిని మనవారు బదనిక యనియు, వదనిక యనియు పిలుతురు. వేసవినుండి వానకాలమువరకు పూచును. పసుపుపచ్చ రేకులమీద గోధుమవన్నె గీతలు గళ్లు నేసినట్లుండును. నడిమి పెదవి నీలము. ఆ గళ్లను చూచినచో గద్వాల మగ్గముమీద కూర్చున్నవాడు కూడ ఒక నిమిషము నిలిచి చూచునని నా తలంపు. పరిమళము కూడ కలదు. ఇది అచ్చమైన ఆర్కిడ్. ఎవరును నీళ్లు పోయకున్నను, ఎవరును పందిరి వేయకున్నను, మన వేసవిని దాటుకొని బ్రదుకుచున్నది.

బదనిక అను పేరు మాత్రము మనవారిని చాల తికమకపెట్టినది. మామిడి కొమ్మలను, వేప కొమ్మలను పట్టి వాని రసమును పీల్చి ఎండబెట్టు మఱియొక మొక్కకును అదే పేరు. తోటగలవారు దానిని చూచినతోడనే కొమ్మతోగూడ నఱకివేయుదురు. అది న్యాయమే. కాని అదే ఊపున ఆర్కిడును కూడ నఱకివేయుట కలదు. రెంటికిని భేదము తెలియుట సులభము. పీల్చు బదనిక కొమ్మతో ఏకమైయుండును. దాని వేరు చెక్కలోనికి దిగియుండును. ఆర్కిడ్ వేరు బెరడుపై పైపైన ప్రాకును. గోటితో లేపిన లేచును. చెట్టును అది నిలువనీడ మాత్రమే కోరును. ఆహారమును వానలోను, మంచులోను, బెరడు సందులలో చేరిన ఆకుపొడిలోను వెదకికొనును. అమరకోశములో వందా అను పదమునకు వృక్షాదని, వృక్షరుహ అనునవి పర్యాయపదములుగా చేరినవి. మొదటిది చెట్టును తినునది. రెండవది చెట్టుపై మొలచునది. రెండు స్వభావములు గలవానిని ఒక్క పేరున కట్టుటచేత, పాపము, రెండవది మొదటిదాని శిక్ష అనుభవించుచున్నది.

ఆ వందా పదమే పాశ్చాత్య వృక్షశాస్త్రమున వాండా అయినది. సామర్లకోటలో పెక్కేండ్లుండి ఆ సీమ మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గు, 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథమున దీనిని చిత్రముతో వర్ణించెను. సర్ విలియం జోన్సు సంస్కృతనామమునే గ్రహించెను. 1820లో రాబర్టు బ్రౌన్ దానిని ఒక కుటుంబమునకంతకు పేరుగా స్థిరపరచెను. నేడు పట్టణపు నర్సరీలో వాండా యని చీటీ కట్టి హెచ్చువెలకు అమ్మబడుచున్న మొక్క మన బదనికకు జ్ఞాతియే. వైద్యము తెలిసిన పెద్దలు దీనిని రాస్నగా విని యుందురు. బంగాళమున రాస్న యన్న నిదియే. దక్షిణమున దుంపరాష్ట్రమును, ఉత్తరమున వేఱొక మొక్కను రాస్న యందురు. ఆ వివాదములోనికి ఇప్పుడు పోనక్కఱలేదు.

ఇక కొనుగోలు మాట. ఎద్దును కొనబోవువాడు దాని రంగును చూచి బయానా ఇయ్యడు. ఏ సీమ ఎద్దు, ఏ మేతకు అలవాటుపడినది, నల్లరేగడిలో నడచునా యని విచారించును. ఆర్కిడ్ విషయమునను అంతే. పూవును చూడకముందు దాని పుట్టిన తావును అడుగవలెను. ప్రపంచమున ఆర్కిడ్ జాతులు ఇరువదియైదువేలకు పైగా నున్నవి. వానిలో హిమాలయపు చలిలో పుట్టినవి కలవు. ఎప్పుడును చెమ్మ ఆరని దీవుల అడవులలో పుట్టినవి కలవు. మన కనుమలవలె నాలుగు నెలలు తడిసి ఎనిమిది నెలలు ఎండు చోట్ల పుట్టినవియు కలవు. అంగడిలో అన్నియు ఒక్క బల్లమీదనే యుండును.

మన వాతావరణము మూడు తావులందును ఒక్కటి కాదు. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమ, మన నడిగడ్డ, బయలు నేల. అక్కడ ఎండకంటె గాలి క్రూరమైనది. 40 డిగ్రీలు దాటిన పొడిగాలి వేళ్లలోని చెమ్మను గంటలో లాగివేయును. వనపర్తి వైపు చెరువులును, పాత తోపులును గల ఊళ్లలో కొంత మేలు. నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపురపు మామిడితోటల నీడ ఒక విధము. అమ్రాబాదు పీఠభూమి మఱియొక విధము. పీఠభూమిమీద రాత్రులు చల్లబడును, ఉదయమున మంచు పడును. కావున అచ్చంపేటలో బ్రదికిన మొక్క అలంపురములో బ్రదుకునని అనుకొనరాదు.

పిల్లలు తెచ్చు ఆ సీతాకోకచిలుక పూలమొక్క పేరు ఫెలెనాప్సిస్. అంగళ్లలో అన్నిటికంటె ఎక్కువగా దొరకునది అదే; అన్నిటికంటె ఎక్కువగా చచ్చునదియు అదే. ఫిలిప్పీను దీవులవంటి చెమ్మ గల అడవుల నీడలో పుట్టిన జాతులనుండి వచ్చినది. దానికి నేరుగా ఎండ తగులరాదు, గాలి ఎండరాదు. మన చలికాలము దానికి సుఖమే. కొన్ని వారములు రాత్రి చల్లదనము తగిలిననే అది క్రొత్త కాడ వేయును. వేసవియే దానికి గండము. పాత కాలపు మట్టిమిద్దెలో, వాకిటి వెలుతురు పడు చల్లని గది యున్నవారు ఒక్కటి ఉంచుకొనవచ్చును. రేకుల ఇంటిలో నున్నవారు దానిని పూలగుత్తిగా భావించి, రెండు నెలల అందమునకు డబ్బు ఇచ్చితిమనుకొనుట మేలు.

కలింపాంగు, సిక్కిము తోటలనుండి వచ్చు పెద్దపూల సింబీడియమును కొనకుడు. దాని సంకరములు హిమాలయపు జాతులనుండి పుట్టినవి. శరత్కాలమున చలిరాత్రులు లేనిదే మొగ్గ పట్టదు. గద్వాలలో అది గడ్డివలె ఆకులు పెంచుచు, ఏటికేడు యజమానిని ఊరించుచుండును. అదే కుటుంబములో కలబందవంటి దళసరి ఆకులు గల అలోయిఫోలియము అను జాతి తూర్పు కనుమలలోనే పెరుగును, వేడికి తాళును. అది దొరికినచో వేఱు మాట.

డెండ్రోబియము విషయమున జాగ్రత్త మఱింత కావలెను, ఏలనగా ఒక్క పేరున రెండు స్వభావములు అమ్ముచున్నారు. పెండ్లిపందిళ్లలో ఊదారంగు పూల కాడలు మీరు చూచియుందురు. అవి చాలవరకు థాయిలాండులో పెంచు డెండ్రోబియములు. వేడి దేశపు సంకరములు. చెఱకుకఱ్ఱవలె నిటారుగా కాండములు, ఏడాది పొడుగున ఆకులు. ఇవి మనకు తగును. కాండములో నీరు దాచుకొనును గనుక, ఇంటివారు శ్రీశైలము పోయి నాలుగు దినములకు వచ్చినను సహించును. రెండవ రకము నోబిలి. అది సిక్కిము రాష్ట్రపుష్పము. చలికాలమున ఎండి, ఆకులు రాల్చి, ఆ చలిచేతనే పూచును. పేరు చూచి దీనిని తెచ్చి, పూయలేదని దుఃఖించుట వ్యర్థము. మొదటి మొక్క ఏది కొనవలెనని నన్నడిగినచో, వేడి దేశపు డెండ్రోబియము నొక్కటి కొనుడని చెప్పుదును.

రెండవది వాండా. మన బదనికను కాని, దాని రక్తము కలిసిన సంకరమును కాని నర్సరీలో పెంచినది కొనవలెను. వేళ్లు గాలిలో వ్రేలాడుచు పెరుగు మొక్క ఇది. కుండీయే అక్కఱలేదు, చెక్కబుట్ట చాలును. అయితే పెద్ద నీలిపూల వాండాలు మనకు అంత సులభము కావు. వాని పూర్వజమైన నీలివాండా ఖాసీ కొండల చల్లదనములో పుట్టినది. వాండాకు దగ్గఱిదే, సన్నని పుల్లవంటి ఆకులు గల జాతి యొకటి కలదు. సింగపూరులో 1893లో ఆగ్నెస్ జోకిం అను ఆర్మీనియను స్త్రీ తోటలో బయలుపడిన పూవు ఆ తెగదే; 1981లో దానిని ఆ దేశము జాతీయపుష్పముగా ఎన్నుకొన్నది. దానికి నిండు ఎండ కావలెను, నీళ్లును కావలెను. నది ప్రక్క ఊళ్లలో, నీటి తొట్టి దగ్గఱ పెట్టుకొనగలవారికి మంచిది.

అమ్రాబాదు, అచ్చంపేట వైపువారు నక్కతోకవంటి గుత్తులు వేయు రింకోస్టైలిస్‌ను కూడ ప్రయత్నింపవచ్చును. అస్సామువారు కపౌ పూవని బిహూ పండుగనాడు స్త్రీలు కొప్పులో తురుముకొనునది ఇదియే. తూర్పు కనుమలలోను కలదు. కాట్లియా, ఆన్సీడియము మొదలగునవి రెండు వేసవులు ఒక మొక్కను దాటించినవారు చూచుకొనవచ్చును.

ఇంతవరకు మేలైన మొక్కలను గూర్చి చెప్పితిని. కొనరాని మొక్క మఱియొకటి కలదు; అది ఏ జాతిదైనను సరే, అడవినుండి పెరికి తెచ్చినది. దీనినిగూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది, ఏలనగా మనము అడవి అంచున నున్నవారము.

ఆర్కిడ్ కాయ యొక్కదానిలో ధూళివంటి విత్తనములు లక్షలుండును. ఆ విత్తనములో మొలకకు ఆహారమేమియు లేదు. బెరడుపై నుండు ఒక విధమైన బూజు తోడుపడిననే అది మొలచును. లక్షలలో ఒకటి రెండు నిలిచిన గొప్ప. నిలిచినది ఏడాదికి కొద్దిపాటి ఆకులు వేయుచు, ఎన్నియో ఏండ్లకు పూతకు వచ్చును. అట్టిదానిని ఒక్క కొడవలి వ్రేటున క్రిందికి దింపి, గోనెలో వేసి, అంగటికి తెచ్చిన, అందులో సగము త్రోవలోనే చచ్చును. ఇది క్రొత్త సంగతి కాదు. 1850లో జోసెఫ్ హూకర్ అను గొప్ప శాస్త్రజ్ఞుడు ఖాసీ కొండలలో నీలివాండాను ఏడుగురు కూలీల మోతగా సేకరించి ఇంగ్లండునకు పంపెను. వానిలో ప్రాణముతో చేరినవి బహు కొద్ది. అంతటివానికే అట్లయిన, సంత వ్యాపారి గోనెసంచి మాట చెప్పనేల?

ఇప్పుడు ఆ పని చేయుటకు సాకు కూడ లేదు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అను పండితుడు చక్కెర కలిపిన మందులో, బూజు సహాయము లేకుండ, సీసాలో ఆర్కిడ్ విత్తనములను మొలిపించు పద్ధతిని ప్రకటించెను. 1960లో ఫ్రాన్సులో జార్జి మొరెల్ చిగురు కొననుండి ఒక్క మొక్కను వందల మొక్కలుగా చేయు దారి చూపెను. నర్సరీ మొక్కలు ఈ మార్గముననే పుట్టుచున్నవి. 1996లో సిక్కిములోని పాక్యాంగున కేంద్రప్రభుత్వము ఆర్కిడ్ పరిశోధనాలయమును స్థాపించినది. మొక్క లేక అడవికి పోవలసిన అవసరము ఎవరికిని లేదు.

చట్టము మాటయు వినవలెను. అమ్రాబాదు పులుల అభయారణ్యము 2,600 చదరపు కిలోమీటర్లకు మించినది. అందులోనుండి అనుమతిలేక మొక్కను తీయుట 1972నాటి వన్యప్రాణి చట్టమునుబట్టి నేరము. నీలివాండా, ఎఱ్ఱవాండా, చెప్పుపూవు ఆర్కిడులు ఆ చట్టములో పేరుపెట్టి రక్షించిన మొక్కలు. వానిని అనుజ్ఞగల పెంపకందారునివద్ద రసీదుతో తప్ప తీసికొనరాదు. నేరము బయటపడిననాడు పట్టుబడువాడు కొమ్మ యెక్కిన పేదవాడే కాని, పట్టణమున కొన్నవాడు కాడు. తేనెకొఱకు, గడ్డలకొఱకు తరతరములుగా అడవినెరిగిన చెంచులు తమంత తాము చెట్టునకంతకు ఉన్న బదనికను ఒలువరు. బయటివాడు వచ్చి గోనెకింత యని బేరమాడిననే ఆ పని జరుగును. బేరము లేనినాడు కొడవలి లేవదు.

అడవి మొక్కను గుర్తించుట ఎట్లు? వేళ్లు తెగియుండును, తెగిన వేళ్లకు బెరడు ముక్కలంటియుండును. ఆకులమీద పాత పురుగు కాట్లు, ఎండ మచ్చలు కనబడును. ఒక కట్టలోని మొక్కలు ఒకటి జానెడు, మఱియొకటి మూరెడు, ఏ రెండును సమానముగ నుండవు. నర్సరీలో పెంచినవి ఒక కాన్పు పిల్లలవలె ఒక్క తీరుననుండును. వేళ్లు కుండీని చుట్టి పెరిగియుండును. వెల విడ్డూరముగ తక్కువయైనను అనుమానింపవలెను.

నర్సరీ మొక్కలలోను ఎన్నిక కలదు. పూవును ప్రక్కకు తొలగించి వేరును చూడుడు. ఆరోగ్యమైన వేరు లావుగ, గట్టిగ, తెల్లగ నుండి, కొన మాత్రము పచ్చగ మెఱయును. నీళ్లు చల్లిన వేరంతయు పచ్చబడును. మెత్తబడి గోధుమవన్నెకు తిరిగిన వేరు కుళ్లినది. డెండ్రోబియమునకు మూడు కాండములకు తక్కువ యున్నచో విడిచిపెట్టుడు. మొదట క్రొత్త పిలక యొకటి వచ్చుచున్నచో తీసికొనుడు. ఆకు ముదురాకుపచ్చగ మెఱయుచుండుట బలమునకు గుర్తని భ్రమపడరాదు. అది చీకటిలో పెరిగినదనుటకు గుర్తు. కొంచెము లేతపచ్చయే మంచిది. ఆకుల నడుమ మొవ్వులో నీరుకారు మచ్చయున్న మొక్కను ఉచితముగ నిచ్చినను తేరాదు. చౌక యని వ్రేలెడు పిల్లమొక్కలను కొనకుడు. వాండా పిల్ల పూతకు రావలెనన్న అయిదారేండ్లు ఓపిక పట్టవలెను, మొదటి వేసవియే దానిని తీసికొనిపోవును. కడియము తోటలవారివద్ద కొన్నను, హైదరాబాదు నర్సరీలో కొన్నను, పూత కొకసారి వచ్చిన మొక్కనే అడుగుడు.

కొనకముందు ఇంటిలో విచారింపవలసినవి రెండు కలవు. మొదటిది నీరు. మన బోరు నీరు చాల ఊళ్లలో ఉప్పదనముతోను సున్నముతోను కూడియుండును. కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మీరెరిగినదే. ఆ పొరయే ఆర్కిడ్ వేరుమీదను కట్టి కొనను మాడ్చును. మిద్దెమీది వాననీటిని తొట్లలో పట్టి దాచుకొనగలవారు నిశ్చింతగా కొనవచ్చును. దాచలేనివారు ఒకటి రెండు మొక్కలతో తృప్తిపడవలెను. రెండవది, నీళ్లు పోయు చేయి ఎవరిది? మామగారు మోజుపడి పది మొక్కలు తెచ్చుట, వేసవిలో రెండుపూటల నీళ్లు చల్లు పని కోడలిమీద పడుట మన యిండ్లలో వింత కాదు. ఆమెను ముందడిగి, ఆమె చెప్పిన లెక్కకు మించకుండ కొనుట మర్యాద.

మట్టిలో మాత్రము నాటకుడు. నల్లరేగడి కాని, ఎఱ్ఱమన్ను కాని ఈ వేళ్లకు ఊపిరాడనీయదు. బొగ్గు, పగిలిన పెంకులు, కొబ్బరిపీచు చాలును. వాండాను, బదనికను చెట్టుకే కట్టవచ్చును. చెట్టును కూడ ఎన్నుకొనవలెను. వేప మాఘ ఫాల్గుణములలో ఆకు రాల్చును. సరిగ అప్పుడే ఎండ ముదురును. మామిడి ఆకు విడువదు, బెరడు గరుకు. దానికి తూర్పున, మనిషి తల యెత్తున, వడగాలి పడమటినుండి తగులని చోట కట్టవలెను. పురుగుమందు తఱచుగ కొట్టు తోటచెట్టు పనికిరాదు, పెరటిచెట్టు మేలు. గద్వాల వైపువారు ఎండకాలము మూడు నెలలు షేడ్‌నెట్ అను పచ్చని వలను పడమట కట్టి, క్రింద తడిపిన ఇసుక పఱచవలెను.

కొనుటకు కాలము ఆషాఢ శ్రావణములు. వానగాలి పడిన పిమ్మట తెచ్చిన మొక్కకు నాలుగు నెలల చెమ్మ దొరకును, క్రొత్త వేళ్లు పోయును; ఆ వేళ్ల బలముతో వేసవిని ఎదుర్కొనును. మాఘమునుండి వైశాఖమువరకు ఎంత అందమైన పూవు కనబడినను చేయి చాపకుడు. మొక్కను బెరడుకు ఆనించి, కొబ్బరిపీచు ఒక్క పొర మాత్రము వేసి, మెత్తని గుడ్డపీలికతో కదలకుండ కట్టి, ఉదయమున ఒకసారి, ఎండ తగ్గిన పిదప ఒకసారి నీళ్లు చల్లుచుండుడు. క్రొత్త వేరు పచ్చని కొనతో వచ్చి బెరడును తనంత తానే అంటుకొన్నది కనబడిననాడు ఆ పీలికను విప్పివేయవచ్చును.